పొయ్యి ఆరని సరిహద్దు
లాహౌల్–స్పితి జిల్లా సంగతులు

యానాంలో వున్న మన పాఠకులను ముందుగా ఒక లెక్కలోకి దింపుతాను. యానాం వైశాల్యం ముప్పై చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తేలినవారు 55,626 మంది. ఇప్పుడు గోడమీది దేశపటం దగ్గరకు వెళ్లి, వేలు పైపైకి పోనిచ్చి, హిమాచల ప్రదేశ్‌లో టిబెట్టును ఆనుకొని వున్న లాహౌల్–స్పితి జిల్లా మీద ఆపండి. దాని వైశాల్యం 13,841 చదరపు కిలోమీటర్లు. అవే లెక్కల్లో జనాభా 31,564. యానాం జనంలో మూడింట రెండు వంతులు కూడా లేరన్నమాట! నెల్లూరు సీమ నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడినవారికి మరొక పోలిక చెబుతాను. 2022లో జిల్లాలను విడదీయక పూర్వం నెల్లూరు జిల్లా వైశాల్యం దీనికంటే కొంచెం తక్కువే. అక్కడి జనం మాత్రం దాదాపు ముప్పై లక్షలు.

చదరపు కిలోమీటరుకు ఇద్దరు మనుషులు. ఆ లెక్కల ప్రకారం దేశంలో ఇంతకంటే పలచగా జనమున్న జిల్లా అరుణాచల ప్రదేశ్‌లోని దిబాంగ్ లోయ ఒక్కటే.

ఈ అంకె వినగానే మనబోటి అద్దె ఇళ్లవారికి ఒక ఆశ పుడుతుంది. "ఎంత హాయి! గోడకు గోడ ఆనదు, కుళాయి దగ్గర తగవు లేదు, ఎవరి భూమి వారిది, ఎవరి బ్రతుకు వారిది" అనుకుంటాము. అసలు సంగతి దీనికి పూర్తిగా తలక్రిందులు. జనం అంత తక్కువగా వున్న చోట ఏ ఒక్కరూ ఒంటరిగా బ్రతకలేరు. ఒక ఇల్లు మూతబడితే వూరి కాలువలో పూడిక తీసే చేతులు రెండు తగ్గుతాయి. ఇప్పుడు ఆ జిల్లాకు వచ్చిన చిక్కల్లా ఇదే: ఎన్నడూ లేని మంచి దారి వచ్చింది, ఆ దారిన లోపలికి వచ్చేవారెందరు, బయటికి వెళ్లి తిరిగి రానివారెందరు?

రెండు లోయలు, ఒక జిల్లా

పేరులోనే రెండు వూళ్ల పేర్లవలె వినిపించే లాహౌల్, స్పితి రెండూ వేర్వేరు లోయలు. బారాలాచా అనే ఎత్తైన కనుమ దగ్గర రెండు నదులు పుట్టి చెరొక ప్రక్కకు పోతాయి. ఒకటి చంద్ర, రెండవది భాగ. కొండను చుట్టి వచ్చి తాండీ అనే చోట కలుసుకుంటాయి. అక్కడి నుంచి ఆ నది పేరు చంద్రభాగ. కాశ్మీరం చేరేసరికి అదే చీనాబ్. ఇది లాహౌల్. ముఖ్యపట్టణం కేలాంగ్, పదివేల అడుగుల ఎత్తున వున్నది. తాండీలో పెట్రోలు బంకు దగ్గర "తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో" అని వ్రాసిన బోర్డు లడాఖ్ వెళ్లే లారీ డ్రైవర్లందరికీ చిరపరిచితం.

తూర్పున, కుంజుం కనుమకు ఆవల వున్నది స్పితి. అక్కడి నది సట్లెజ్‌లో కలుస్తుంది. దాదాపు పన్నెండువేల అడుగుల ఎత్తున వున్న కాజా ఆ లోయకు పెద్ద వూరు. వానమబ్బులు కొండలకు ఇవతలే కురిసి ఖాళీ అయిపోతాయి గనుక స్పితిలో వాన అరుదు. చెట్టు కనబడితే మనిషి నాటినదే అయి వుంటుంది. కొండలన్నీ ఇటుకరంగులోనూ బూడిదరంగులోనూ బోసిగా నిలబడి వుంటాయి. దీనిని చలి ఎడారి అని ఊరకే అనలేదు.

ఇంకొక చమత్కారం చూడండి. కుంజుం కనుమ పదిహేనువేల అడుగులకు దగ్గర. శీతకాలమంతా మంచు కింద వుంటుంది. వేసవిలో కాజా నుంచి కేలాంగ్‌కు సుమారు రెండువందల కిలోమీటర్లు. శీతకాలంలో ఆ దారి మూతబడగానే, కాజావాసి తన జిల్లా కచేరీకి పోవాలంటే కిన్నౌర్ మీదుగా సిమ్లా దిగి, మండీ, కులూ, మనాలీ చుట్టి మళ్లీ కొండ ఎక్కాలి. ఏడువందల కిలోమీటర్ల పైమాట. అందుకే కాజాలో వేరే పెద్ద అధికారిని కూర్చోబెట్టి, లోయ పనులన్నీ అక్కడే తెమిలే ఏర్పాటు చేశారు.

నీళ్ల వంతు, ఇంటి పెద్దకొడుకు

పదమూడువేల చదరపు కిలోమీటర్లున్నా పొలం మాత్రం గుప్పెడే. మిగిలినదంతా రాయి, మంచు. వూరు ఎక్కడ వెలిసిందంటే, పైనుంచి కరిగిన మంచునీరు అందేచోట, కాస్త చదునైన నేల వున్నచోట. ఆ నీటిని కొండవాలు వెంట సన్నని పిల్లకాలువలో దించుకుంటారు. దానిని అక్కడివారు కూల్ అంటారు. రాత్రిపూట వచ్చే నీరు వృథాపోకుండా చిన్న చెరువులో నిలిపి, పగలు వంతులవారీగా పొలాలకు వదులుతారు. వసంతంలో మంచు కరగడంతోనే ఇంటికొకరు చొప్పున పారలు పట్టుకొని కాలువ బాగుచేయడానికి వెళ్లవలసిందే. నాకు తీరికలేదంటే కుదరదు. ఏడాదికి ఒక్కటే పంట. ఆ కొద్ది నెలల్లో నీరు తప్పితే మళ్లీ ఏడాది వరకు గింజ లేదు.

వారి ముఖ్యాహారం బార్లీ. వేయించి విసిరిన పిండిని త్సంపా అంటారు. మన పేలపిండికి దగ్గర చుట్టమే. మనం బెల్లం కలుపుకుంటే వారు ఉప్పు, వెన్న వేసి చిలికిన టీతో కలుపుకుంటారు.

పొలం ముక్కలైతే ఇల్లు నిలవదన్న భయంతో స్పితిలో ఒక కట్టుబాటు ఏర్పడింది. ఇల్లూ, పొలమూ, నీటి వంతూ అన్నీ పెద్దకొడుకువే. వాడికి పెళ్లయి సంసారం చేతికి రాగానే తలిదండ్రులు పెద్దింటిని వాడికి అప్పగించి ప్రక్కనే చిన్నింటికి మారిపోతారు. పెద్దింటిని ఖాంగ్‌చెన్ అనీ, చిన్నింటిని ఖాంగ్‌చుంగ్ అనీ అంటారు. చిన్నకొడుకులు చాలావరకు బౌద్ధమఠంలో చేరేవారు. లాహౌల్‌లో అన్నదమ్ములంతా కలిసి ఒకే భార్యతో కాపురం చేసే పద్ధతి కూడా వుండేది. ద్రౌపది కథ తెలిసిన మనకు వింతగా తోచినా, వారికది పొలం చీలకుండా చూసుకునే ఉపాయం. చదువులూ, ఉద్యోగాలూ వచ్చాక ఆ ఆచారం దాదాపు కనుమరుగయింది.

వెయ్యేళ్ల మఠం, ఇద్దరి దేవుడు

స్పితిలో తాబో అనే వూళ్లో క్రీ.శ. 996లో కట్టిన మఠం వున్నది. మట్టిగోడల గుడి, మట్టితో మలచి రంగులు వేసిన బొమ్మలు, గోడలనిండా చిత్రాలు. వాన కురవని దేశం గనుక మట్టి వెయ్యేళ్లు నిలిచింది. 1975 జనవరిలో కిన్నౌర్ ప్రాంతంలో వచ్చిన పెద్ద భూకంపానికి ఆ గోడలు దెబ్బతిన్నాయి. అయినా మఠం మూతపడలేదు. 1983లో కొత్త మందిరం కట్టుకొని, ఆ యేడే దలైలామా ఆధ్వర్యాన కాలచక్ర ఉత్సవం జరుపుకున్నారు.

లాహౌల్‌లో త్రిలోకనాథ్ గుడి వున్నది. లోపలి విగ్రహాన్ని హిందువులు శివుడని కొలుస్తారు, బౌద్ధులు అవలోకితేశ్వరుడని కొలుస్తారు. ఒకే గుడి, ఒకే మూర్తి, రెండు పేర్లు. వున్న కొద్దిమందిలో మళ్లీ మావాడు, మీవాడు అని గిరిగీసుకుంటే బ్రతుకు సాగదని తెలిసినవారు కాబోలు.

ఉప్పు మోసిన గొర్రెలు

ఇప్పుడు మనం సరిహద్దు అంటే ముళ్లకంచె, తుపాకి, సైనికుడు అనుకుంటాము. ఒకప్పుడు అది సంతకు పోయే దారి. బారాలాచాకు దిగువ పట్సేవ్ అనే మైదానంలో వేసవిలో పెద్ద సంత కూడేది. టిబెట్టు, లడాఖ్ వైపు నుంచి గొర్రెల మందలు వచ్చేవి. ఒక్కొక్క గొర్రె వీపున ఇటొక సంచి, అటొక సంచి. వాటిలో ఉప్పు, వెలిగారం. ఆ గొర్రెల వొంటిమీది ఉన్నిని సంతలోనే కత్తిరించి అమ్మేవారు. తిరుగుదారిలో అవే సంచుల్లో ధాన్యం నింపుకొని పోయేవారు. లాహౌల్‌వారు మధ్యవర్తులుగా వుండి బాగా సంపాదించారు. ఆ ఉన్ని వ్యాపారం మీద కన్నుపడే 1846 తరువాత ఇంగ్లీషువారు ఈ లోయలను తమ పాలనలోకి తెచ్చుకొని కులూతో కలిపారు.

1950 దశకంలో టిబెట్టు పరిస్థితి మారింది. 1960లో మన ప్రభుత్వం హిమాలయ సరిహద్దు వెంట ఉత్తరకాశీ, చమోలీ, పిథోరాగఢ్, కిన్నౌర్ మొదలైన జిల్లాలను ఏర్పరచిన వరుసలోనే లాహౌల్–స్పితి కూడా జిల్లా అయింది. అప్పట్లో అది పంజాబు రాష్ట్రంలోనిది. 1966 నవంబరు 1న హిమాచల ప్రదేశ్‌లో కలిసింది. 1962 యుద్ధంతో పాత వ్యాపారం పూర్తిగా కట్టుబడిపోయింది. మొన్నటిదాకా బేరమాడిన దారి ఒక్కసారిగా దేశానికి చివరి గీత అయికూర్చున్నది.

మరి ఆ వ్యాపారులేమయ్యారు? పార పట్టుకున్నారు.

కోష్టు, ఉర్లగడ్డ, మేజోళ్లు

మన పచారీ కొట్లలో చెంగల్వకోష్టు అమ్ముతారు గదా! ఆ వేరును అక్కడ కుఠ్ అంటారు. 1920 దశకం నుంచి లాహౌల్ రైతులు దీనిని సాగుచేసి మంచి ధర రాబట్టుకున్నారు. ధర పడిపోగానే బంగాళాదుంపకు, బెంగుళూరువారి మాటలో ఉర్లగడ్డకు, తిరిగారు. తినడానికి కాదు సుమండీ, విత్తనానికి. దుంపతెగుళ్లను ఒక చేనునుంచి మరొక చేనుకు మోసేది పేనుబంక పురుగు. ఆ చలిలో, ఆ పొడిగాలిలో పేనుబంక బ్రతకడం కష్టం. అందువల్ల అక్కడి విత్తనం ఆరోగ్యంగా వుంటుంది. దిగువ మైదానాల రైతులు కొనుక్కుంటారు. 1966లో రైతులే సహకార సంఘం పెట్టుకొని విత్తనం అమ్మసాగారు. స్పితివారు పచ్చిబఠాణీ పండిస్తారు. మైదానంలో బఠాణీ దొరకని ఆగస్టు నెలలో వారి కాయ కోతకు వస్తుంది. ధర పలకడంలో రహస్యం అదే.

మన ఆడవారికి నచ్చే సంగతి ఇంకొకటున్నది. 1850 దశకంలో జర్మనీ నుంచి మొరేవియన్ మిషనువారు కేలాంగ్ వచ్చి స్థిరపడ్డారు. వారిలో ఒక ఫాదిరీగారి భార్య మరియా హైడే అక్కడి స్త్రీలకు అల్లిక బడి పెట్టింది. వారి మతంలో చేరినవారు కొద్దిమందే గాని అల్లిక మాత్రం ప్రతి ఇంటా చేరింది. రంగురంగుల చదరాలతో, నక్షత్రాలతో అల్లే లాహౌల్ మేజోళ్లకూ చేతితొడుగులకూ 2021లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆరు నెలల మంచుకాలంలో పొయ్యిచుట్టూ కూర్చున్న చేతులు ఊరికే వుండలేదన్నమాట.

మంచు తలుపు

ఆ ఆరు నెలల సంగతి చెప్పకపోతే ఈ జిల్లా సంగతి చెప్పినట్లే కాదు. మనాలీ నుంచి లాహౌల్‌కు ఒకటే దారి, రోహ్‌తాంగ్ కనుమ మీదుగా. ఎత్తు పదమూడువేల అడుగులు. నవంబరులో మంచు పడితే మళ్లీ మే నెలలో గాని బస్సు తిరిగేది కాదు. పిండి, కిరసనాయిలు, కట్టెలు, గడ్డి, మందులు అన్నీ ముందే పోగుచేసుకోవాలి. ఇళ్లు కూడా దానికి తగినట్లే వుంటాయి: దిగువ అంతస్తులో పశువులు, వాటి వెచ్చదనం మీద పైన మనుషులు, బల్లపరుపు మిద్దె మీద కట్టెలు, గడ్డి. మంచు పడిన ప్రతిసారీ మిద్దెక్కి తోసెయ్యాలి. లేకుంటే ఇంటికప్పు నిలవదు.

ఆ కాలంలో జబ్బు చేసినవారి గతి ఏమిటి? హెలికాప్టరు వస్తే వచ్చినట్లు, లేకుంటే లేదు. హెలికాప్టరుకు మబ్బు అడ్డు. గత్యంతరం లేక కాలినడకన కనుమ దాటబోయి మంచుగాలికి చిక్కినవారు ఎందరో! అటువంటివారిని ఆదుకోవడానికి కనుమకు ఇటు మఢీలోనూ, అటు కోక్సర్‌లోనూ ప్రభుత్వం రక్షణ బృందాలను నిలిపేది. ఇంట్లో కూర్చున్నా నిర్భయం లేదు. 1979 మార్చిలో లాహౌల్ కొండచరియల నుంచి మంచు విరిగిపడి రెండువందలమందికి పైగా చనిపోయారు. అంత చిన్న లోయలో అంతమంది పోతే, చుట్టరికం తగలని ఇల్లు వుంటుందా?

సొరంగం తెచ్చినది, తీసుకుపోయేది

2020 అక్టోబరు 3న రోహ్‌తాంగ్ కొండ కింద 9.02 కిలోమీటర్ల సొరంగం తెరిచారు. దాని పేరు అటల్ సొరంగం. మనాలీ–కేలాంగ్ ప్రయాణంలో 46 కిలోమీటర్లు తగ్గాయి. దూరం తగ్గడం చిన్న విషయం. పురుటినొప్పులు మొదలైన కోడలిని జనవరి నెలలో కూడా కులూ ఆసుపత్రికి తీసుకుపోగలగడం పెద్ద విషయం. మంచు మరీ ఎక్కువగా పడిన రోజుల్లో రోడ్డు మూతబడుతుంది, నిజమే. అయినా ఆరు నెలల తలుపు ఆరు రోజుల తలుపైతే అంతకంటే కావలసినదేమున్నది!

స్పితిలోనూ ఇటువంటి వరమే ఒకటి దొరికింది. కిబ్బర్, చిచం అనే రెండు వూళ్ల మధ్య పాతాళమంత లోతైన కోన వున్నది. చిచం వారు తీగకు వేలాడే బుట్టలో కూర్చొని, తాడు లాక్కుంటూ దాటేవారు. 2017లో అక్కడ వంతెన పడింది.

అయితే దారి రెండువైపులా పోతుంది. సొరంగం తెరిచిన దగ్గర నుంచి మంచు చూడడానికి వచ్చే కార్లు సొరంగం అవతలి సిస్సూ వూళ్లో బారులు తీరుతున్నాయి. హోటళ్లు లేచాయి, కుర్రవాళ్లకు పని దొరికింది. దానితోబాటే సీసాలు, ప్లాస్టికు సంచులు, రొద. శీతకాలంలో దేవతల పండుగలు జరిగే రోజుల్లో "దయచేసి ఇప్పుడు రావద్దు" అని వూరివారు యాత్రికులను కోరిన సందర్భాలున్నాయి. 2023 జులైలో అకాలంగా మంచు కురిసి, దారులు తెగి, చంద్రతాల్ సరస్సు దగ్గర రెండువందలకు పైగా యాత్రికులు చిక్కుకుపోయారు. ఆ ఎత్తున వారిని దింపడం ఎంత ప్రయాసో చెప్పనక్కరలేదు. చూడవచ్చినవారికి అది ఒక వారం వినోదం. అక్కడ వుండేవారికి ఆ నీరే త్రాగునీరు.

బయటికి పోయే దారి మాట. 2001లో జిల్లా జనాభా 33,224, పదేళ్లకు 31,564. పెరగలేదు సరికదా తగ్గింది. చాలా లాహౌల్ కుటుంబాలకు కులూలో మరొక ఇల్లు వున్నది. పిల్లల చదువు అక్కడ, శీతకాలం అక్కడ. పై చదువులకు సిమ్లా, చండీగఢ్. చదివినవాడు ఉద్యోగం వదిలి వచ్చి కూల్‌లో పూడిక తీస్తాడా? మనం అడగదగిన ప్రశ్న కాదులెండి. మనమూ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక వూరి చెరువుగట్టు వదిలి వచ్చినవారి పిల్లలమే.

పొయ్యి వెలిగించే చేతికి వాటా

వెళ్లినవారు వెళ్లగా, పొలంలోనూ ఇంట్లోనూ ఎక్కువ పని మీద వేసుకుంటున్నది స్త్రీలు. కలుపు, కోత, పశువులు, మేజోళ్లు, మహిళా మండలి, అన్నిటా వారే. అటువంటి ఆడపిల్లకు పుట్టింటి భూమిలో మాత్రం ఆచారం ప్రకారం వాటా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఈ జిల్లా జనంలో నూటికి ఎనభైమంది పైగా ఆ తెగలవారే. పొలం ముక్కలు కారాదని ఒకనాడు పెట్టుకున్న కట్టుబాటు ఈనాడు ఆడపిల్లకు అన్యాయంగా తోస్తున్నది. అక్కడి స్త్రీలు ఈ మాట బాహాటంగా అడుగుతున్నారు. భూమి బయటివారి చేతికి పోతుందని పెద్దలు భయపడుతున్నారు. ఇద్దరి మాటలోనూ ఆ నేలమీది మమకారమే వున్నది.

మార్పు ముందుగా పండుగలో కనబడింది. లాహౌల్‌లో గోచీ అని ఒక వేడుక. ఆ యేడు మగబిడ్డ పుట్టిన ఇళ్లవారు వూరందరినీ పిలిచి జరిపేవారు. ఇటీవల కొన్ని ఇళ్లలో ఆడపిల్ల పుట్టినా గోచీ చేస్తున్నారు. మనుషులు ఇంత అపురూపమైన చోట పుట్టిన ప్రతి బిడ్డా పండుగే కావడం న్యాయం గదా!

మనకు తెలిసిన కథే

ముప్పైవేలమందే వున్నా వారికి భాష ఒకటి కాదు. పట్టనీ, గాహరీ, తినన్, చినాలీ, స్పితిలో భోటీ... లోయ మలుపు తిరిగితే మాట మారుతుంది. ఇంట్లో ఒక భాష, బళ్లో హిందీ, ఉద్యోగానికి ఇంగ్లీషు. హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో పిల్లలను పెంచిన తల్లులకు ఈ కథ నేను విడమరచి చెప్పాలా? అమ్మమ్మ మాట మనుమరాలికి అర్థమవుతుంది, నోట మాత్రం రాదు. మనది కోట్లమంది మాట్లాడే భాష. మనమిక్కడ మరిచినా వెనుక తెలుగునాడు వున్నది. వారి భాషకు వెనుక వేరే నాడు లేదు. ఆ లోయలోనే నిలవాలి.

స్పితిలో తాషీగంగ్ అనే కుగ్రామం వున్నది. పదిహేనువేల అడుగుల పైన. ఎన్నికలు వచ్చినప్పుడు అక్కడ పదుల సంఖ్యలో వున్న ఓటర్ల కోసం అధికారులు పెట్టె మోసుకొని కొండెక్కుతారు. లోకంలో అంత ఎత్తున ఓటు వేసే చోటు మరొకటి లేదంటారు. ఇంత కొద్దిమంది కోసం అంత శ్రమ ఎందుకని ఎవరైనా అడిగితే సమాధానం సులభమే. సరిహద్దును కాయడానికి సైన్యం వున్నది, వుండవలసినదే. కాని ఆ గీతకు ఇవతల పేలపిండి కలుపుకునే ఇల్లు, కాలువ వంతుకోసం కేకవేసే పొరుగువాడు, పొయ్యిమీద టీ కాచే ఇల్లాలు వుంటేనే అది దేశం. లేకుంటే పటంమీది గీత మాత్రమే.

ఎప్పుడైనా మీరు ఆ సొరంగం దాటి వెళ్లే భాగ్యం కలిగితే, మంచులో ఫొటో తీయించుకొని తిరిగి రాకండి. ఒక జత మేజోళ్లు కొనండి. ఎవరు అల్లారో అడిగి, వారి పేరు కనుక్కోండి. ముప్పైవేలమందిలో ఒకరిని ఎరిగి వచ్చినవారవుతారు.